కాస్త అడ్జస్టవ్వమ్మా!

తెలుగులో ఇంగ్లీషు మాటలు దొర్లిపోతున్నాయని గుండెలు బాదుకునే బాపతు కాదు నేను. బస్సుని బస్సనే అంటాను. రోడ్డుమీదే నడుస్తాను. కాఫీకి సంస్కృతంలో ఓ పేరు పెట్టి, ఆ పేరుతోనే అడిగి తాగాలంటే, పేరు పూర్తయ్యేలోపు అది చల్లారిపోతుందేమోనని నా భయం. పొరుగు భాషనించి మాట తెచ్చుకోవడం పొరుగింటినించి పీటలు తెచ్చుకోవడంలాంటిది. అవసరం పడింది, తెచ్చుకున్నాం, వాడుకుంటున్నాం. మాటల విషయంలో ఉన్న సుఖమేమిటంటే, తిరిగి ఇచ్చెయ్యమని ఎవరూ అడగరు.

నా తగువల్లా ఒకే ఒక్క మాటతో. ఆ మాట 'అడ్జస్టు'.

ఈ మాట చెవిని పడకుండా మన దేశంలో ఒక పూట గడవడం కష్టం. అద్దెవాటాలో కుళాయి రాకపోతే ఇంటివారు అడ్జస్టవమంటారు. హాస్టల్లో పప్పుచారు అనబడే పదార్థంలో పప్పు కనబడకపోతే వార్డెను అడ్జస్టవమంటాడు. చిల్లర లేకపోతే కండక్టరు అడ్జస్టవమంటాడు. ఇవన్నీ పోనీండి, ఒక పూట బాధలు. అత్తారింటికి వెళ్ళిన ఆడపిల్ల రెండో నెలలోనే కళ్ళనీళ్ళు పెట్టుకుని తిరిగొస్తే, కన్నతల్లి ఆ పిల్ల తల నిమిరి, "కాస్త అడ్జస్టవ్వమ్మా!" అంటుంది చూడండి, అక్కడ మొదలైంది నా తగువు.

ముందుగా ఈ మాటకి న్యాయంగా రావలసిన మార్కులు వేసేద్దాం. ముగ్గురు కూర్చునే బస్సు సీటుంది. నాలుగో మనిషి చంటిపిల్లనెత్తుకుని నుంచుంది. "కాస్త అడ్జస్టు చేసుకోండి బాబూ" అంది. ముగ్గురూ తలా రెండంగుళాలు జరిగారు. ఆమె కూర్చుంది. దీనికి తెలుగులో 'జరగండి' అనే బంగారంలాంటి మాటుంది, అయినా సరే, అడ్జస్టు అన్నందుకు నాకేం అభ్యంతరం లేదు. ఎందుకంటే అక్కడ జరిగింది ముగ్గురూనూ. ఎవరూ లేచి నుంచోవలసిన పని రాలేదు. పైగా ఆ ఇరుకు ఆమె దిగే ఊరిదాకానే.

అలాకాకుండా కిటికీ పక్కాయన కదలకుండా, నడిమాయన కాళ్ళు మరికాస్త బారజాపుకుని, చివర కూర్చున్నావిణ్ణి మాత్రం "మీరు కొంచెం అడ్జస్టవండి" అని లేపి, ప్రయాణం పొడుగునా నుంచోబెట్టారనుకోండి. అప్పుడు కూడా అదే మాటా? మన ఇళ్ళలో నడుస్తున్నది ఈ రెండో బస్సు. పేరు మాత్రం మొదటి బస్సుది.

నా మాట మీద నమ్మకం లేకపోతే మన వ్యాకరణాన్నే అడగండి. ఇంగ్లీషు క్రియ దేన్నైనా తెలుగులోకి లాక్కొచ్చేటప్పుడు మనం దాని వెనకాల 'చేయు' అన్నా తగిలిస్తాం, 'అవు' అన్నా తగిలిస్తాం. ఫోను చేస్తాం, ఫెయిలవుతాం. 'చేయు' వచ్చిందంటే పని మన చేతిలో ఉన్నట్టు. 'అవు' వచ్చిందంటే పని మన నెత్తిన పడ్డట్టు. ఇప్పుడు వినండి. మేనేజరుగారు సెలవులు అడ్జస్టు చేస్తారు. షావుకారు పాతబాకీలో అడ్జస్టు చేస్తాడు. మావగారు అందరికీ వీలయ్యేలా ప్రయాణం తేదీ అడ్జస్టు చేస్తారు. కోడలు అడ్జస్టు అవుతుంది.

"కోడలు అడ్జస్టు చేసింది" అనే వాక్యం మీరెప్పుడైనా విన్నారా? ఒకవేళ విని ఉంటే అది ఫ్యాను రెగ్యులేటరు గురించో, చీర కుచ్చిళ్ళ గురించో అయి ఉంటుంది. ఒక్క మాటకి రెండు తోకలు తగిలించి, పెత్తనం ఉన్నవాళ్ళకో తోక, లేనివాళ్ళకో తోక పంచిపెట్టిన ఘనత మనదే. ఇంగ్లీషువాడికి ఇందులో భాగం లేదు.

ఆ ఇంగ్లీషువాడి ఇంట్లో ఈ మాట ఎలా బతుకుతోందో కూడా చూద్దాం. అక్కడ ఇది ప్రధానంగా వస్తువులకి చెందిన క్రియ. గడియారాన్ని అడ్జస్టు చేస్తారు. తక్కెణ్ణి చేస్తారు. కళ్ళజోడుని, కుర్చీ ఎత్తుని, కారులో వెనక్కి చూసే అద్దాన్ని చేస్తారు. ఆ అద్దాన్ని డ్రైవరు కంటికి అనువుగా తిప్పుతారు గాని, అద్దానికి అనువుగా డ్రైవరు మెడ విరుచుకోడు. అంటే ఈ క్రియ నిలబడాలంటే రెండు ఉండాలి. సరిచెయ్యవలసిన వస్తువొకటి, దేనికి సరిపోవాలో ఆ కొలత ఒకటి.

మనుషులు అడ్జస్టవడం అక్కడా లేకపోలేదు. చలికి అవుతారు, చీకటికి అవుతారు, కొత్త ఊరికి అవుతారు. మారని పరిస్థితికి మనిషి అలవాటు పడడం అన్నమాట. మనం దాన్ని పట్టుకొచ్చి మనిషికి తగిలించాం. "ఆయనతో అడ్జస్టవు", "అత్తగారితో అడ్జస్టవు" అంటాం. అత్తగారు వాతావరణం కాదు కదా! డిసెంబరు చలితో మాట్లాడి ప్రయోజనం లేదు కాబట్టి దుప్పటి కప్పుకుంటాం. మనిషితో మాట్లాడొచ్చు. "అమ్మా, మీరన్నది సరి కాదు" అనొచ్చు. మనిషిని వాతావరణంలో జమకట్టిన క్షణాన ఆ మనిషి మారక్కర్లేదని మనమే తీర్పు ఇచ్చేసినట్టు.

ఈ మాట పుట్టుక ఇంకా తమాషాగా ఉంటుంది. దీని మూలం లాటిన్‌లో ఉంది. అక్కడ 'యుక్స్‌టా' అంటే పక్కన, చేరువలో అని. దానిమీద పుట్టిన క్రియకి దగ్గరికి చేర్చడం అని అర్థం. ఈ 'యుక్స్‌టా'కీ, మన సంస్కృతంలో 'యుజ్' అనే ధాతువుకీ వేరు ఒక్కటే. యోగం, యుగ్మం, సంయోగం అన్నీ ఆ కుదుట్లో మొక్కలే. సంస్కృతంలో కాడిని 'యుగం' అంటారు, ఇంగ్లీషులో 'యోక్' అంటారు. అవీ అన్నదమ్ములే. అంటే మన కోడలి నెత్తిన పడ్డ మాటకీ, ఎద్దుల మెడమీద పడే కాడికీ చుట్టరికం నేను అంటగట్టింది కాదు, భాషలు పుట్టిననాడే ఉంది.

అయితే ఒక్క సంగతి. నాగలి కాడికి రెండు కొసలుంటాయి. ఒక కొసన ఎద్దుని కట్టి, రెండో కొసన 'మగపిల్లవాడు, వాడి అలవాట్లు మారవులే' అని ఖాళీగా వదిలేస్తే ఏ రైతూ దాన్ని సేద్యం అనడు.

తర్వాత ఫ్రెంచివాళ్ళ చేతుల్లో ఈ మాటకి ఇంకో గొప్ప సంబంధం కుదిరింది. లాటిన్‌లోనే న్యాయమైనది, సరైనది అనే అర్థంతో 'యుస్తుస్' అని ఒక మాటుంది. ఇంగ్లీషులో జస్టిస్ అన్న మాట ఆ వంశమే. చేరువ అనే అర్థమున్న పాతమాటలోకి న్యాయం అనే అర్థమున్న ఈ మాట వచ్చి కలిసిపోయింది. ఈ రోజుకీ ఫ్రెంచిలో రెండు క్రియలు పక్కపక్కన ఉన్నాయి. 'అజుటే' అంటే కలపడం. 'అజుస్టే' అంటే సరిగ్గా కుదర్చడం. ఇంగ్లీషువాడు ఈ రెండోదాన్ని తీసుకెళ్ళాడు, మనం అతని దగ్గర్నించి తెచ్చుకున్నాం. ఒక పక్క చేరువ, ఒక పక్క న్యాయం, ఇవీ మాట పుట్టింటివారు. ఇంతటి పుట్టిల్లున్న మాటని మనం తెచ్చి ఏం చేశామయ్యా అంటే, ఇంటికొచ్చిన కోడల్ని చేసినట్టే చేశాం. పుట్టింటి సారె లాగేసుకుని వంటింట్లోకి తోశాం.

ఈ మాటే ఉద్యోగం పేరుగా నిలిచిన చోట్లు రెండు చెబుతాను. వాటిలో దీని అసలు రంగు తెలుస్తుంది.

మొదటిది అమెరికాలో, ఫిలడెల్ఫియా టంకశాలలో. 1795లో అక్కడ సారా వాల్డ్రేక్, రేచల్ సమ్మర్స్ అనే ఇద్దరు ఆడవాళ్ళని ఉద్యోగంలోకి తీసుకున్నారు. వాళ్ళ ఉద్యోగం పేరు అడ్జస్టర్లు. పని ఏమిటంటే, ముద్ర పడకముందు నాణెం బిళ్ళల్ని ఒక్కొక్కటీ తూచడం. తూకం ఎక్కువుంటే ఆకురాయితో అంచు అరగదియ్యడం. మరీ తక్కువుంటే కరిగించడానికి వెనక్కి పంపడం. వెండి డాలరు 416 గ్రెయిన్లు తూగాలని 1792 నాటి చట్టం. ఆ ఇద్దరు స్త్రీల చేతిలోనూ త్రాసుంది, ఆకురాయి ఉంది, వాళ్ళ వెనక చట్టం ఉంది. బిళ్ళ ఏదైనా తూకం ఒక్కటే. ఈ బిళ్ళ మావాళ్ళది కాబట్టి బరువెక్కువున్నా ఫరవాలేదు, ఆ బిళ్ళ పరాయిది కాబట్టి ఇంకాస్త గియ్యండి అనడానికి వీల్లేదు.

ఇప్పుడు మన ఇళ్ళకి రండి. ఇక్కడ ఆకురాయి ఒక్కటే కనపడుతుంది, త్రాసు ఎక్కడా కనపడదు. కొత్తకోడలు గట్టిగా నవ్వుతుందా, ఆ అంచు గియ్యండి. ఉద్యోగం చేస్తానంటుందా, ఆ అంచు గియ్యండి. పుట్టింటికి రోజూ ఫోను చేస్తుందా, అదీ గియ్యండి. ఎంతవరకు గియ్యాలి అంటే జవాబు లేదు. 416 అని ఎవరూ రాసిపెట్టలేదు. ఆకురాయికి తియ్యడం తెలుసుగాని పెట్టడం తెలీదు. అలా పదేళ్ళు గీసిగీసి, చివరికి "ఆ పిల్లకి వ్యక్తిత్వం లేదండీ, ఉలుకూ పలుకూ ఉండదు" అని పెదవి విరిచేదీ ఆ ఇంటివాళ్ళే.

రెండో చోటు సముద్రం మీద. నడిసముద్రంలో తుపాను వచ్చి ఓడ మునిగేలా ఉంటే, బరువు తగ్గించడానికి కొంత సరుకు నీళ్ళలోకి విసిరేస్తారు. ఓడ గట్టెక్కుతుంది. మరి సరుకు పోయినవాడి గతేమిటి? అతని కర్మ అనలేదు ఆ కాలపు వర్తకులు. ఒకడి సరుకు పోవడం వల్ల అందరి సరుకూ దక్కింది కాబట్టి, దక్కినవాళ్ళంతా ఆ నష్టాన్ని తలా కాస్త పంచుకోవాలన్నారు. రోడ్స్ ద్వీపంవారి ఈ ధర్మం, 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కూర్పించిన రోమన్ న్యాయసంకలనంలో ఉంది. మన దేశంలో 1963 నాటి సముద్ర బీమా చట్టంలోనూ ఉంది. ఎవరి వాటా ఎంతో లెక్కకట్టి తేల్చే నిపుణుల్ని అడ్జస్టర్లనే అంటారు. లండన్‌లో వాళ్ళకి 1869లోనే ఒక సంఘం ఏర్పడింది. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే మహానౌక సూయజ్ కాలవలో అడ్డంపడి ఆరు రోజులు కదల్లేదే, అప్పుడు కూడా నౌక స్వంతదార్లు ఈ ధర్మాన్నే ఎత్తుకున్నారు. దాన్ని కదిలించడానికైన ఖర్చులో సరుకులవాళ్ళందరూ వాటా వేసుకోవలసిందేనన్నారు.

సంసారాన్ని నావ అనడం మనకి అలవాటే. సరే, నావే అనుకుందాం. తుపాను వచ్చింది. భర్తగారికి దూరపు ఊరు బదిలీ అయింది. లేదా మావగారికి పక్షవాతం వచ్చింది. లేదా చంటిపిల్లని చూసేవాళ్ళు లేరు. నావ తేలికవ్వాలి. నీళ్ళలోకి విసిరిన మొదటి మూట ఎవరిది? ఆమె ఉద్యోగం. రెండోది? ఆమె సగంలో ఉన్న చదువు. మూడోది? ఆమె నేర్చుకున్న సంగీతం. నావ గట్టెక్కిందా, ఎక్కింది, సంతోషమే. విసిరినందుకు కూడా నేను తప్పుపట్టను, తుపానులో ఏదో ఒకటి విసరాలి. కాని గట్టెక్కాక లెక్కకట్టిన అడ్జస్టరెక్కడ? సరుకు దక్కినవాళ్ళు వేసుకున్న వాటా ఎక్కడ? వాటా సంగతి అలా ఉంచండి, ఓడలో ఆమెకి అసలు సరుకే లేదన్నట్టు మాట్లాడతారు. "ఆవిడ ఇంట్లోనే ఉంటుందండీ, ఖాళీయే" అంటారు.

మనిషి పరిస్థితులకి అలవాటు పడాలన్న అర్థం ఈ మాటకి బాగా ముదిరింది గత శతాబ్దంలో, మనస్తత్వశాస్త్రం పుస్తకాల చలవ వల్ల. చక్కగా అడ్జస్టయినవాడు ఆరోగ్యవంతుడు, అవనివాడు రోగి అన్నట్టుగా తయారైంది. దీనికి తిరుగులేని జవాబు ఆ శాస్త్రజ్ఞుల సభలోనే పడింది. 1967 సెప్టెంబరు 1న వాషింగ్టన్‌లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుల మహాసభలో మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడుతూ, మన సంఘంలో కొన్నింటికి ఏనాడూ అడ్జస్టవకూడదన్నాడు. జాతివివక్షకి అవకూడదు, మతమౌఢ్యానికి అవకూడదు, కొద్దిమంది భోగం కోసం ఎక్కువమంది కడుపు కొట్టే ఏర్పాటుకి అవకూడదు అన్నాడు. అవని వాళ్ళకోసం ఓ సంఘమే పెట్టాలని చమత్కరించాడు కూడా. ఆ సంఘానికి మన దేశంలో శాఖ తెరిస్తే సభ్యత్వ రుసుము నేను ఇవాళే కట్టేస్తాను.

"ఇదంతా బాగానే ఉందిగాని, సంసారమన్నాక సర్దుబాటు ఉండొద్దుటండీ?" అని పెద్దలు అడుగుతారు. ఉండాలి. నిక్షేపంలా ఉండాలి. ఉండాలనే నేనూ మొత్తుకుంటున్నది! ఫ్యాను ఎంత జోరుగా తిరగాలనే దగ్గర్నించి పిల్లవాడికి ఎవరి తాతగారి పేరు పెట్టాలనే దాకా ఇద్దరు మనుషులు కలిసి బతకాలంటే ఇద్దరూ జరగాలి. సంగీత కచేరీ చూడండి. వయొలినూ మృదంగమూ కూడా శ్రుతి చూసుకుంటాయి. గాయకుడు గొప్పవాడని శ్రుతి ఆయన కోసం పక్కకి తప్పుకోదు. ఆయనా దానిలోనే పాడాలి. నేను కాదంటున్నది సర్దుబాటుని కాదు. దాని పేరు చెప్పి జరుగుతున్న ఒంటిచేతి వ్యవహారాన్ని.

మరో వైపునించి భాషాభిమానులొచ్చి, "ఈ గొడవంతా ఇంగ్లీషు మాట వాడబట్టి. హాయిగా 'సర్దుకుపో' అంటే సరిపోయేది" అంటారు. అయ్యా, దాంట్లో కూడా చివర 'పో' ఉంది చూసుకోండి! చీటీ మార్చినంత మాత్రాన సీసాలో కషాయం తీపెక్కదు. మన భాషలో ఇంతకంటే నిజాయితీ ఉన్న మాటలున్నాయి. 'ఇచ్చిపుచ్చుకోవడం' అన్నారు. ఇవ్వడమూ ఉంది, పుచ్చుకోవడమూ ఉంది, ఒకే మాటలో రెండు చేతులున్నాయి. 'ఒద్దిక' అన్నారు, అది ఒక్కరివల్ల అయ్యేది కాదు. వీటిని అటకమీద పెట్టి, రెండో మనిషి అక్కర్లేని మాటనే ఏరి తెచ్చుకున్నామంటే, భాషమీద ప్రేమ తక్కువై కాదు. దాంతో పని సులువని.

మాట దిగజారడం మొదలెడితే ఏ మెట్టు దగ్గరా ఆగదు. 2024 ఆగస్టులో బయటికొచ్చిన జస్టిస్ హేమ కమిటీ నివేదిక చూడండి. మలయాళ సినిమా రంగంలో వేషం కావాలని వచ్చిన ఆడపిల్లలకి వినపడే రెండు మాటల్లో ఒకటి 'అడ్జస్ట్‌మెంట్' అట. అక్కడ దాని అర్థమేమిటో కుటుంబ పత్రికలో రాయను, మీకు తెలుసు. చేరువకీ న్యాయానికీ పుట్టిన మాట అక్కడిదాకా వెళ్ళింది.

ఇది మాటలమీద కూర్చుని చేసుకునే కాలక్షేపం అనుకునేవారికి ఒక లెక్క చెబుతాను. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022 ఒక్క సంవత్సరంలో మన దేశంలో నమోదైన వరకట్న మరణాలు 6,000 పైచిలుకు. రోజుకి 16 మందికి తక్కువ కాకుండా. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. అత్తింటి క్రూరత్వానికి శిక్ష వేసే సెక్షను 1983లో వచ్చింది. గృహహింస చట్టం 2005లో వచ్చింది. చట్టాలకేం లోటు లేదు. కాని చట్టం ఉండేది పోలీసు స్టేషన్లో, కోర్టులో. అక్కడిదాకా వెళ్ళాలంటే ఆడపిల్ల ముందు పుట్టింటి గడప దాటాలి. ఆ గడప మీద ఈ మాట కాపలా కాస్తోంది. కొట్టాడని ఫోను చేస్తే "మొదట్లో అలాగే ఉంటుంది, అడ్జస్టవు". డబ్బు తెమ్మంటున్నారంటే "మేం చూస్తాంలే, అందాకా అడ్జస్టవు". భయంగా ఉంది నాన్నా అంటే "చెల్లెలి పెళ్ళి అయ్యేదాకా అడ్జస్టవు". ఆ తర్వాత ఫోను రాదు. చుట్టుపక్కలవాళ్ళు గుమిగూడి "పాపం, ఎంతో అడ్జస్టయ్యే పిల్లండీ" అంటారు. దానికంటే ఘోరమైన మెచ్చుకోలు నేను వినలేదు.

అంచేత తల్లులారా, తండ్రులారా, మాట మానెయ్యమని అడగను, మానరని తెలుసు. ఇంకెవరికైనా ఈ సలహా ఇవ్వబోయే ముందు రెండు ప్రశ్నలు మీకు మీరు వేసుకోండి. ఈ పిల్ల సరిపోవలసిన కొలత ఏది? అవతలివాళ్ళు జరిగింది ఎన్నంగుళాలు? రెండింటికీ జవాబుంటే నిరభ్యంతరంగా అనండి. జవాబు లేకపోతే నోరు మూసుకుని, తలుపు తెరవండి.

ఆడపిల్లలతో చెప్పదలచుకున్నది ఇంకా చిన్నది. ఈసారి ఎవరైనా ఆ మాటంటే ఏడవకండి, అరవకండి. శాంతంగా "సరేనండి, మీరెంత జరుగుతారు?" అని అడగండి. సీటు మనది కూడానూ.